పాత డిస్కుల సాంగత్యము: ఏంబలము కోవెల మొదలుకొని

పుదుచ్చేరి పట్టణమునకు నైరుతి దిక్కున, శంకరాపరణి నదికిని దక్షిణ పినాకినికిని నడుమ పరచుకొన్న వరిపొలముల సీమలో ఏంబలము అను ఊరు కలదు. మన నెల్లూరి పెన్నకు తోబుట్టువై, దానివలెనే నందికొండలలో పుట్టి, దారి మార్చుకొని తమిళదేశము మీదుగా కడలూరు చేరువను సముద్రమున కలియు ఆ దక్షిణ పినాకినిని తలచుకొన్నపుడు ఆ సీమ తెలుగువానికి మరీ పరాయిదిగా తోపదు. తెలుగు మాటలాడు యానాము, గోదావరి యొడ్డున అంత దవ్వున ఉండియు, నేటికిని పుదుచ్చేరి పాలనలోనిదే కదా. అట్టి ఏంబలము పేరు 2000 సంవత్సరము మే నెలలో అమెరికా దేశపు ‘న్యూయార్క్ టైమ్స్’ పత్రికకు ఎక్కెను. ఆ ఊరి కోవెల నూరేండ్ల నాటిది. దానికి రెండు వాకిళ్లు. మొదటి వాకిట సనాతనాచారము కావలి కాచుచుండగా అందరికిని ప్రవేశము లభించెడిది కాదు. రెండవ వాకిట కులమనియు, మైల యనియు అడుగువారు లేరు, ఎవరైనను లోనికి పోవచ్చును. ఆ రెండవ వాకిటి వెనుక ఉన్నవి దేవతావిగ్రహములు కావు, సూర్యరశ్మి వలన పుట్టిన విద్యుత్తుతో నడచు రెండు కంప్యూటర్లు.

వానిని అచ్చటికి తెచ్చినది చెన్నపట్టణములోని ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ. ధనసహాయము చేసినది కెనడా దేశపు అంతర్జాతీయాభివృద్ధి పరిశోధన కేంద్రము. 1998లో మొదలైన ఆ కార్యక్రమమునకు విల్లియనూరు నాభిస్థానము. అచ్చట టెలిఫోను తీగ ద్వారా ఇంటర్నెట్టును అందుకొని, వచ్చిన సమాచారమును తమిళములోనికి మార్చి, గ్రామములకు టెలిఫోను తీగలు నమ్మదగినట్లు లేనందున వీహెచ్ఎఫ్ రేడియో తరంగముల మీద ఏంబలము, కీళూరు, వీరాంపట్టినము మొదలగు ఊళ్లకు పంపెడివారు. వీరాంపట్టినపు జాలరులకు అమెరికా నౌకాదళము వారు ప్రకటించు అలల యెత్తు లెక్కలను లౌడుస్పీకర్లలో చదివి వినిపించుచుండిరి. కీళూరు మరియొక విధముగా గూడ చరిత్రకెక్కిన ఊరు: ఫ్రెంచివారి ఏలుబడి చాలించి భారతదేశమున చేరుదమా మానుదమా అని 1954 అక్టోబరు 18వ తేదీన ప్రజాప్రతినిధులు 178 మంది ఓటు వేసిన తావు అదియే, 170 మంది చేరుదమనిరి. ఏంబలములో యంత్రములను నడిపిన వారిలో హెచ్చు పాలు స్త్రీలు. ధాన్యపు ధర, ప్రభుత్వ పథకముల వివరము, ఆనాటి మంచి గడియలు—ఊరివారు వచ్చి అడిగినవి ఇట్టివి. కోవెలలో పూజారిని అడుగవలసిన ముహూర్తమును ప్రక్క వాకిట కంప్యూటరును అడుగుటలో వారికి వింత తోచినట్లు లేదు.

ఇంతవరకు చెప్పినది పత్రికలు వ్రాసిన చరిత్ర. ఒక ఊరికి కంప్యూటరు వచ్చిన దినమును వ్రాయుటకు విలేఖరులు సముద్రములు దాటి వత్తురు. ఆ కంప్యూటరు నాలుగేండ్లకు ముసలిదై, దానిలోని డిస్కు నిండి, క్రొత్త డిస్కు ప్రక్కన పాతదానిని గూడ తగిలించి, పాతదానిలోని వ్రాతలను క్రొత్తదానిలోనికి ఎత్తవలసిన దినమును గూర్చి వ్రాయుటకు ప్రక్క వీధివాడును రాడు. కాని ఊరి సమాచారము బ్రతికినదో చచ్చినదో తేలునది ఆ రెండవ దినముననే. యంత్రము రాకను గూర్చి చాలినంత వ్రాతయున్నది గనుక, ఇచ్చట దాని కొనసాగింపును గూర్చి, అనగా ఒక మదర్‌బోర్డునకు పాతవి క్రొత్తవి డిస్కులు పెక్కింటిని కూర్చు విద్యను గూర్చి, అది పుట్టి పెరిగి సన్నగిల్లిన తీరును గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిని.

డిస్కు అనునది మొదట కంప్యూటరులో ఇమిడెడి వస్తువు కాదు. 1956లో ఐబీఎం సంస్థ వెలువరించిన రామాక్ యంత్రపు డిస్కు, 24 అంగుళముల వ్యాసముగల పళ్లెములు 50 ఒక దానిపై నొకటి పేర్చిన నిలువెత్తు సాధనము. అంతయు కలిసి 50 లక్షల అక్షరములను మాత్రమే ఇముడ్చుకొనెడిది. బల్లమీది యంత్రమునకు తగిన కొలతలో దానిని తెచ్చినవారు, తరువాత సీగేటు అని ప్రసిద్ధికెక్కిన షూగార్టు టెక్నాలజీ వారు. 1980లో వారు చేసిన ఎస్‌టీ–506 అను డిస్కు 5 మెగాబైట్లది. 1983లో ఐబీఎం వారి ఎక్స్‌టీ యంత్రములో 10 మెగాబైట్ల డిస్కు అమరి వచ్చెను. ఆ తరము డిస్కులకు సొంత బుద్ధి లేదు. వానిని నడుపు కంట్రోలరు కార్డు వేరుగా బోర్డులో గుచ్చబడి యుండెడిది. దానినుండి ఆజ్ఞలకు 34 తీగల పట్టీ యొకటి, దత్తాంశమునకు 20 తీగల పట్టీ యొకటి డిస్కునకు పోయెడివి. రెండవ డిస్కు చేర్చినచో ఆజ్ఞల పట్టీని రెండును పంచుకొనెడివి గాని దత్తాంశపు పట్టీ మాత్రము దేనిది దానిదే. ఒక కార్డుతో పొత్తు కుదిరిన డిస్కు మరియొక కార్డుతో కుదరకపోవుట, కార్డు చెడినచో డిస్కులోని వ్రాత చేజిక్కకుండుట ఆ దినములలో సామాన్యము.

ఈ తగవు తీర్చుటకై కంట్రోలరును డిస్కు వీపుననే అతికింపవచ్చునను ఉపాయము 1986 ప్రాంతమున ఫలించినది. వెస్టరన్ డిజిటల్, కంట్రోల్ డేటా, కాంపాక్ సంస్థలు కలిసి చేసిన ఆ ఏర్పాటునకే ఐడీఈ అని పేరు. డిస్కు తన యంత్రాంగమును తానే మోయుచున్నది గనుక బోర్డునకును దానికిని నడుమ 40 సూదుల సాకెట్టొకటి, 40 తీగల పట్టీ యొకటి ఉన్న చాలును. ఏటీఏ యను ప్రమాణముగా 1994లో అది ముద్ర వేయించుకొనెను. ఆ యేడే వెస్టరన్ డిజిటల్ వారు విస్తరించిన రూపముతో బోర్డు మీద రెండు సాకెట్లు, ఒక్కొక్క పట్టీకి రెండేసి సాధనములు, వెరసి నాలుగు అను లెక్క స్థిరపడినది. సీడీ డ్రైవు గూడ ఈ పంక్తిలోనికే వచ్చి కూర్చుండెను. ఏంబలపు కోవెలలోనికి కంప్యూటర్లు వచ్చిన కాలము సరిగా ఈ నాలుగు పీటల యుగపు నడిప్రాయము.

ఆ పట్టీని బిగించు తీరు చూచినవారికి ఇప్పటికిని కన్నులకు కట్టును. మనవారు సీపీయూ అని పిలుచు ఆ పెట్టెను ప్రక్కకు పరుండబెట్టి, పలక విప్పి, మెకానిక్కు మొదట తన చేతిని పెట్టె ఇనుమునకు తాకించును. ఒంటిలోని స్థిరవిద్యుత్తు చిప్పుల మీదికి దూకకుండుటకై. పట్టీ అంచున ఒక ఎర్రగీత. ఆ గీత మొదటి సూదికి గురుతు; డిస్కు వద్ద అది తరచుగా కరెంటు సాకెట్టు వైపునకు తిరిగి ఉండవలెను. తలక్రిందుగా గుచ్చకుండ 20వ సూది ఉండవలసిన చోటు ఖాళీగా విడిచి, పట్టీ కొసన ఆ రంధ్రమును పూడ్చి ఉంచెడివారు. అయినను చౌక పట్టీలలో ఆ పూడిక ఉండదు గనుక తలక్రిందులైన కేబులుతో, ఆరక వెలుగుచుండు చిన్న ఎర్రదీపముతో, ఏమియు తోపక కూర్చున్న క్రొత్తవాడు ప్రతి దుకాణములోను ఒక్కడైన కనబడెడివాడు. కరెంటుకు నాలుగు తీగలు: పసుపుపచ్చనిది 12 వోల్టులు, ఎర్రనిది 5, నడుమ నల్లనివి రెండు. ఆ తెల్లని ప్లాస్టికు సాకెట్టు బిగిసిపోయి ఊడిరాకున్నపుడు దానిని అటునిటు ఊపి లాగుటలో వ్రేళ్లు గీచుకొనని మెకానిక్కు లేడు.

ఒకే పట్టీ మీద రెండు డిస్కులు ఉన్నపుడు బోర్డు పిలిచినది ఎవరినో తెలియవలెను గదా. అందుకై డిస్కు వెనుక, కరెంటు సాకెట్టునకును డేటా సాకెట్టునకును నడుమ, చిన్న సూదులు వరుసగా ఉండును. వానిలో రెండింటిని కలుపుచు బియ్యపుగింజకు కొంచెము పెద్దదైన జంపరు తొడిగి ఒకదానిని మాస్టరు గాను, రెండవదానిని స్లేవు గాను నిర్ణయింపవలెను. పేర్లు అట్లున్నవే గాని మాస్టరు స్లేవును ఏలునది లేదు; రెండింటికిని ఎవరి కంట్రోలరు వారిదే, పిలుపు అందుకొనుటలో మొదటి, రెండవ స్థానములే తప్ప ఎక్కువ తక్కువలు లేవు. ప్రమాణగ్రంథము గూడ వానిని సున్న, ఒకటి అను అంకెలతోనే వ్యవహరించినది. 2003లో లాస్ ఏంజలిసు కౌంటీవారు ఈ పేర్లు గల సామగ్రిని తమకు అమ్మవలదని వర్తకులను కోరినపుడు ప్రపంచము కొంత నవ్వినది, కొంత ఆలోచించినది. జంపరులను ఏ సూదులకు తొడుగవలెనో డిస్కు నెత్తిన అతికించిన కాగితము మీద బొమ్మ ఉండెడిది. సీగేటు వారి బొమ్మ ఒకటి, క్వాంటము వారిది మరియొకటి, శామ్‌సంగు వారిది వేరొకటి. వెస్టరన్ డిజిటల్ వారిది అన్నిటికన్న చమత్కారము: వారి పాత డిస్కు పట్టీ మీద ఒంటరిగా ఉన్నచో మాస్టరు అనరాదు, జంపరు తీసివేయవలెను, తోడు ఉన్నపుడు మాత్రమే మాస్టరు. తోడు లేకుండ మాస్టరు జంపరు తొడిగినచో అది రాని స్లేవు కొరకు ఎదురుచూచుచు తెరను చాలసేపు నల్లగా ఉంచెడిది. కాగితము చిరిగిపోయిన పాత డిస్కు చేతికి వచ్చినపుడు ఈ భేదములన్నియు కంఠస్థములైన మనిషికి విలువ తెలిసెడిది. ఆ విద్య ఏ పాఠశాలలోను చెప్పినది కాదు.

ఒకే కాడికి కట్టిన ముసలియెద్దు, కోడెయెద్దులవలె పాత క్రొత్త డిస్కులు ఒక పట్టీ మీద నడవవలసి వచ్చినపుడు వడి విషయమై చిక్కు కలిగెడిది. 1995 నాటి ఇంటెలు చిప్పుసెట్లలో రెంటికిని ఒకే గతి నిర్ణయింపబడుట వలన క్రొత్తది పాతదాని నడకనే నడువవలసి వచ్చెడిది. మరుసటి యేడు వచ్చిన చిప్పుసెట్టుతో ఎవరి గతి వారిదైనది. ఐనను ఒకటి పనిలో ఉండగా రెండవది పలుకరాదను నియమము మాత్రము ఆ పట్టీ ఉన్నంతకాలము పోలేదు. కావున తెలిసినవారు పాత డిస్కును క్రొత్తదాని ప్రక్కన గాక రెండవ పట్టీ మీద, సీడీ డ్రైవుతో జతగా కూర్చుచుండిరి. ఒక డిస్కునుండి మరియొక డిస్కునకు వ్రాత ఎత్తునపుడు ఈ యేర్పాటు వలన కాలము కలిసివచ్చెడిది. సెకనుకు 66 మెగాబైట్ల వడి వచ్చినప్పటినుండి పట్టీలో తీగలు 40 పోయి 80 అయినవి. సూదులు మాత్రము 40యే. అదనపు తీగలు ప్రక్క తీగల గోల వినబడకుండ అడ్డుగా నిలుచు భూమితీగలు. నీలపు కొస బోర్డునకు, నల్లనిది మాస్టరునకు, బూడిదరంగుది స్లేవునకు అని రంగులు గూడ ఏర్పడెను.

బోర్డులోని మొదటి ప్రోగ్రామైన బయాసులోనికి పోయి, నీలపు తెరమీద డిస్కులను వెదకు వరుసను నొక్కి, రెండు పేర్లును కనబడగానే పని అయినదనుకొన్నవాడు అనుభవము చాలనివాడు. విండోస్ 98 కాలములో అసలు కథ ఆ తరువాతనే. మొదటి డిస్కునకు సీ, డీ అను రెండు భాగములున్నవనుకొందము; రెండవ డిస్కును చేర్చగానే దాని మొదటి భాగము వచ్చి డీ అను అక్షరమును ఆక్రమించి, పాత డీని ఈ అను స్థానమునకు నెట్టివేయును. నిన్నటివరకు డీలో ఉన్న ప్రోగ్రాములన్నియు తమ ఇల్లు కానరాక మొఱ్ఱపెట్టును. ఊరి జాబితా పోయినదని గోల పుట్టును. పోలేదు, వీధి పేరు మారినది. రెండవ డిస్కునందు ప్రైమరీ భాగము లేకుండ అంతయు ఎక్స్‌టెండెడ్ భాగముగానే చేసినచో ఈ చిక్కు రాదని తెలిసికొనుటకు పలువురకు ఒక ఆదివారము పట్టినది.

మరియొక చిక్కు కొలతది. బోర్డు వయస్సును బట్టి దానికి లెక్కించు శక్తి ఉండును. మొదటి తరము బయాసునకు 1024 సిలిండర్లు, 16 తలలు, 63 సెక్టార్లను మించి తెలియవు గనుక 504 మెగాబైట్లకు పైన గల స్థలము దానికి లేనిదే. పిదప 8.4 గిగాబైట్ల వద్ద ఒక గోడ, 32 వద్ద ఒకటి, చిరునామాకు 28 బిట్లే యుండుటచేత 137 వద్ద ఒకటి. 32 గిగాబైట్ల గోడను దాటలేని బోర్డుల కొరకు డిస్కులు చేయువారు తమ డిస్కు తన్ను తాను చిన్నదిగా చెప్పుకొనునట్లు ఒక ప్రత్యేకమైన జంపరును పెట్టిరి. పెద్ద డిస్కు చిన్న బోర్డు ముందు తన ఘనతను దాచుకొని నిలుచుట యంత్రములలో నేను చూచిన వినయములలో నెల్ల గొప్పది.

కరెంటు సంగతి వేరుగా చెప్పవలెను. ఏంబలము వంటి ఊళ్లలో సౌరఫలకములు పెట్టుటకు కారణమే కరెంటు నిలుకడ లేమి. డిస్కు తిరుగుచుండగా దాని తల పళ్లెమునకు తగిలీ తగలనంత ఎత్తున గాలిపొరపై తేలుచుండును. చటుక్కున కరెంటు పోయినచో ఆ తల పళ్లెముపై కూలవలసినదే. ఎనుబదవ దశకపు డిస్కులకు యంత్రమును ఆర్పుటకు ముందు తలను ప్రక్కకు జరుపుమని మనుష్యుడే ఆజ్ఞ ఇయ్యవలసి యుండెడిది. తరువాతి డిస్కులలో ఒక చక్కని ఏర్పాటు వచ్చినది: కరెంటు పోయినను పళ్లెములు వెంటనే నిలువక ఇంకను తిరుగుచుండును గదా, ఆ తిరుగుడు వలన మోటారే క్షణకాలము జనరేటరై పుట్టించిన విద్యుత్తుతో తల తన తావునకు పోయి కూర్చుండును. తల తప్పించుకొన్నను, అప్పుడు వ్రాయుచున్న వరుస మాత్రము సగములో తెగుట తప్పదు. ఇక డిస్కులు ఎక్కువైనకొలది మరియొక భారము. కదలిక లేని పళ్లెములను తిప్పుటకు ఆరంభములో ఒక్కొక్క డిస్కు 12 వోల్టుల తీగ మీద సుమారు 2 ఆంపియర్లు లాగును. నాలుగు డిస్కులు ఒక్కమారు లేచినచో పెట్టెలో కరెంటు పంచు చౌక ఎస్‌ఎంపీఎస్ తూలిపోయి, తెర వెలుగకముందే యంత్రము మరల మొదటికి వచ్చును. డిస్కు చెడినదని పారవేసిన పెక్కు సందర్భములలో చెడినది ఎస్‌ఎంపీఎస్ అని నా నమ్మకము.

ఈ విద్యకు విద్యాపీఠములు బజారులు. పుదుచ్చేరివారికి చేరువైనది చెన్నపట్టణములో మౌంటురోడ్డు చెంతనున్న రిచీ వీధి. మనకు సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు. 1984 నవంబరు నాటి కంప్యూటరు విధానము దిగుమతులపై బిగువును సడలించినది. 1997లో సమాచార సాంకేతిక సామగ్రిపై సుంకములను తగ్గింతుమను అంతర్జాతీయ ఒప్పందములో భారతదేశము చేరినది. అప్పటినుండి కంపెనీ యంత్రము కొనలేనివాడు విడిభాగములు తెచ్చి కూర్పించుకొనుట పరిపాటి యయ్యెను. దానినే అసెంబుల్డు సిస్టమనిరి. ఇట్టి యంత్రమునకు నియతమైన ఆయుర్దాయము లేదు. బోర్డు మారును, ర్యాము మారును, పెట్టె మారును, పాత డిస్కు మాత్రము స్లేవుగా మారి అందులోనే కొనసాగును; కూలీ డబ్బు తీసికొని దానిని క్రొత్త పెట్టెలో మూలన బిగించి ఇచ్చుట ప్రతి దుకాణదారుని నిత్యకృత్యము. డిస్కులు చేసిన కంపెనీలే డిస్కులకన్న ముందు గతించినవి. కానరును 1996లో సీగేటు కలుపుకొన్నది. క్వాంటము డిస్కు వ్యాపారము 2001లో మాక్స్‌టరు పాలైనది, మాక్స్‌టరు 2006లో సీగేటులో లీనమైనది. ఐబీఎం డిస్కులు హిటాచీకి పోయి, అవి 2012లో వెస్టరన్ డిజిటలు చేరినవి. క్వాంటము వారి ఫైర్‌బాల్ అను పేరు డిస్కు నెత్తిన చదివినపుడు ఆ వంశము వారెవ్వరును లేరని ఇప్పటి పిల్లలకు తెలియదు.

పాతదానిని ప్రక్కన పెట్టుకొని క్రొత్తదానిలోనికి వ్రాయుట పుదుచ్చేరికి పూర్వమునుండి కలిసివచ్చిన పని. ఫ్రెంచి గవర్నరు డూప్లే కాలపు దుబాసీ ఆనందరంగ పిళ్లె 1736 మొదలు 1761 వరకు తమిళములో దినచర్య వ్రాసెను. కస్తూరి రంగకవి ‘ఆనందరంగరాట్ఛందము’ను అతని పేర వ్రాయుటచే మనకును అతడు ఎరుకైనవాడే. ఆ దినచర్య 1846లో గాల్వా మోంబ్రన్ అను ఫ్రెంచి ఉద్యోగి కంట బడి, ప్రతి వ్రాయబడుట వలన లోకమునకు తెలిసినది. తరువాత మదరాసు ప్రభుత్వమువారు దానిని 12 సంపుటములుగా ఆంగ్లములోనికి తెచ్చిరి. వీరాంపట్టినమునకు చేరువనే అరికమేడు. 1945లో మార్టిమర్ వీలర్ త్రవ్వించిన ఆ దిబ్బలో అక్షరములు గీచిన కుండపెంకులు దొరకినవి. వానిని చదువుటకు లిపి తెలిసిన చాలును. 1998 నాటి డిస్కును చదువుటకు లిపితో బాటు పట్టీ, సాకెట్టు, జంపరు, కరెంటు, వానినన్నిటిని అర్థము చేసికొను బోర్డు కావలెను.

ఆ లిపి గూడ అంత సుళువు కాదు. యూనికోడు ఇంకను వాడుకలోనికి రాని దినములవి. ఆంగ్లాక్షరముల స్థానములలో తమిళపు బొమ్మలను, తెలుగు బొమ్మలను కూర్చోబెట్టిన ఫాంట్లతో పని నడచుచుండెను. విండోస్‌లో తమిళమునకు 2000 నాటి కూర్పులోను, తెలుగునకు 2001 నాటి ఎక్స్‌పీలో గౌతమి ఫాంటుతోను సరియైన స్థానము దొరకినది. మన పత్రికలు, పుస్తకములు, పెండ్లి శుభలేఖలు పేజీమేకరులో ‘అను’ అను పేరుగల ఫాంట్లతో కుప్పలుగా తయారైనవి. ఆ ఫైలు దొరకి, ఫాంటు దొరకకున్నచో తెరమీద వెలయునది ఆంగ్లాక్షరముల గందరగోళము. కాబట్టి డీటీపీ పనివారు పాత డిస్కును దానిలోని ఫైళ్ల కొరకు మాత్రమే గాక దానిలోని విండోస్‌ను, ఫాంట్లను, కీబోర్డు ప్రోగ్రామును గూడ కలిపి యథాతథముగా ఉంచుకొనెడివారు. దానిని వెఱ్ఱి అని నవ్విన వారికి తమ తాతగారి కవిత్వమును మరల టైపు చేయించుకొను ఖర్చు తరువాత తెలిసినది.

పట్టీల కాలమునకు అంతము 2003లో మొదలైనది. ఆ యేడు వచ్చిన సాటా పద్ధతిలో కేబులునకు ఏడే తీగలు, ఒక పోర్టునకు ఒకే డిస్కు. జంపరు లేదు, మాస్టరు లేడు, స్లేవు లేడు. పట్టీ 18 అంగుళములు దాటరాదను పూర్వపు నియమము పోయి మీటరు నిడివి కేబులు వచ్చినది. మంచి మార్పే, పెట్టెలో గాలి ఆడినది. 2006లో ఇంటెలు తన చిప్పుసెట్టునుండి పాత ఐడీఈని పూర్తిగా తీసివేసినది. బోర్డులు చేయువారు జేమైక్రాన్ వంటి వేరు సంస్థల చిప్పునొకదానిని మూలన అంటించి ఒక్క 40 సూదుల సాకెట్టును కొన్నేండ్లు నిలిపిరి, పిదప అదియును పోయినది. ఇక్కడ నాకొక సంగతి గమనింపదగినదిగా తోచును. ఏంబలపు ప్రయోగమును చూచి స్వామినాథన్ సంస్థవారు ప్రతి గ్రామమును విజ్ఞానకేంద్రము కావలెనని చేసిన సంకల్పమునకు పెట్టుకొన్న గడువు 2007. గ్రామముల కేంద్రములు పెరుగవలసిన యేటికి ఒక యేడు ముందే, అంతవరకు గ్రామములలో నిండిన డిస్కులకు ఎదురువచ్చు సాకెట్టు క్రొత్త బోర్డులపై మాయమగుట ఆరంభించినది. పథకములు వ్రాసినవారి దృష్టి ఇంటర్నెట్టు తీగ మీదనే గాని ఈ పొట్టితీగ మీదికి పోయినట్లు కనబడదు.

విజ్ఞానకేంద్రములు వృథా యైనవని దీని భావము కాదు. 2004 డిసెంబరు 26వ తేదీన పుదుచ్చేరి తీరమున నల్లవాడు అను జాలరిపల్లెకు సింగపూరులోనున్న ఆ యూరివాని ఫోను రాగా, కేంద్రపు లౌడుస్పీకరులో చాటించి జనమును తీరము దాటించిరి. సునామీ పడవలను తీసికొనిపోయినది గాని ప్రాణములను తీసికొనిపోలేకపోయినది. ఆ దినమున ఉపకరించినది డిస్కు కాదు, మైకు. డిస్కు ఉపకరించు సందర్భములు ఇంత ఘనముగా ఉండవు: ఏ యేట ఏ పథకమున ఎవరి పేరు చేరినది, ఏ కారున వరి ఏ ధర పలికినది అని ఎవరో అడిగినపుడు మాత్రమే.

ఇప్పుడు పాత డిస్కులు నాలుగైదు చేతికి వచ్చినవాడు చేయదగినదేమి? క్రొత్త బోర్డున పీసీఐ సాకెట్టు గూడ అరుదైనది గనుక పూర్వపు ఐడీఈ కార్డు పనికిరాదు. యూఎస్‌బీ కన్వర్టరు ఒకటి, దానితో వచ్చు 12 వోల్టుల అడాప్టరు ఒకటి కొని, డిస్కులను ఒక్కొక్కటిగా తగిలించుట సుళువైన దారి. జంపరును మాస్టరు స్థానమున ఉంచవలెనని, వెస్టరన్ డిజిటల్ ఐనచో తీసివేయవలెనని మరువరాదు. కన్వర్టరు గుర్తింపని మిక్కిలి పాత డిస్కులకు 2005 నాటి బోర్డునొకదానిని అటకమీద దాచుకొన్నవాడే ధన్యుడు. ఏ దారిని పోయినను పాత డిస్కునుండి విండోస్‌ను లేవనెత్తరాదు. లేచిన విండోస్ ఏదో యొకటి వ్రాయక మానదు. సీడీ మీదనుండియో పెన్‌డ్రైవు మీదనుండియో లినక్సును నడిపి, డిస్కు మొత్తమును మొదటి సెక్టారునుండి కడపటిదానివరకు ఒకే ఫైలుగా ప్రతి తీసికొని, ఆ ప్రతినే విప్పి చూడవలెను. టిక్కుటిక్కుమని తల కొట్టుకొను చప్పుడు వినబడినచో కరెంటు వెంటనే తీసివేయవలెను. మరియొకమారు ప్రయత్నింతమను ఆశయే పళ్లెమును గీచివేయును.

ప్రతి తీసిన పిదప డిస్కును సంచిలో పెట్టునపుడు ఒక కాగితము మీద నాలుగు సంగతులు వ్రాసి అంటించుట మంచిది: అది ఏ బోర్డునుండి తీసినది, జంపరు ఏ సూదులపై ఉండెను, లోపల ఏ విండోస్, ఏ ఫాంటు. తాటాకుపై వ్రాసిన లేఖకుడు గ్రంథము ముగిసిన చోట సంవత్సరము, మాసము, తిథి, తన ఊరు, తాను చూచి వ్రాసిన ప్రతి ఎవరిదో చెప్పి గాని గంటము క్రింద పెట్టెడివాడు కాడు. రిచీ వీధిలోను పార్కులేనులోను ఈ అలవాటు గల మెకానిక్కులు కొందరుండిరి. స్కెచ్ పెన్నుతో డిస్కు నెత్తిననే తేదీ వేసెడివారు.